మొక్కజొన్న చేలో చాపెల్ కట్టిన సిస్టర్లు.. పైప్‌లైన్‌ను ఆపలేకపోయారు.. కారణం ఒక్క అప్లికేషన్!

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం. ల్యాంకాస్టర్ కౌంటీలో కొలంబియా అనే చిన్న పట్టణం పక్కన ఓ మొక్కజొన్న చేను. 2017 జులైలో ఆ చేలో ఓ చాపెల్ వెలిసింది. గోడలు లేవు, గంట లేదు. కర్రలతో కట్టిన పందిరి లాంటి నిర్మాణం, కూర్చోడానికి కొన్ని బెంచీలు.. అంతే. కానీ దాని ప్రారంభానికి దాదాపు 300 మంది వచ్చారు.

ఎందుకంటే సరిగ్గా ఆ చోటు కిందుగానే ఓ భారీ గ్యాస్ పైప్‌లైన్ వెళ్లాలి. చేను యజమానులేమో క్యాథలిక్ సిస్టర్లు. "ఈ నేల మాకు పవిత్రం, దీని కింద గ్యాస్ పైపు వేయనివ్వం" అని పట్టుబట్టారు. కంపెనీ వినలేదు. విషయం కోర్టుకెక్కింది. అమెరికా సుప్రీంకోర్టు గుమ్మం దాకా వెళ్లింది.

ఇంతకీ ఎవరీ సిస్టర్లు? పర్యావరణం కోసం వీళ్లు కోర్టుల చుట్టూ ఎందుకు తిరిగారు? కేసు ఎందుకు నిలవలేదు? మన దగ్గర పొలంలో పైప్‌లైన్ నోటీసు అందుకునే రైతుకు ఇందులో పనికొచ్చే విషయం ఏముంది? చూద్దాం.

ఎవరీ సిస్టర్లు?

వీళ్ల సంఘం పేరు 'అడోరర్స్ ఆఫ్ ది బ్లడ్ ఆఫ్ క్రైస్ట్'. 1834లో ఇటలీలోని అకూతో అనే ఊళ్లో మరియా డి మత్తియాస్ అనే మహిళ దీన్ని స్థాపించారు. 2003లో పోప్ రెండో జాన్ పాల్ ఆమెను సెయింట్‌గా ప్రకటించారు. చదువు చెప్పడం, పేదలకు, వృద్ధులకు సేవ చేయడం ఈ సంఘం పని. కొలంబియాలో కూడా వీళ్లు మొదలుపెట్టిన వృద్ధాశ్రమం ఉంది. దాని దగ్గర్లోనే ఈ చేను. స్థానిక రైతుకు కౌలుకిచ్చి మొక్కజొన్న పండిస్తుంటారు.

ఇక్కడ చిన్న తేడా తెలుసుకోవాలి. మనం మామూలుగా అందర్నీ 'నన్స్' అనేస్తాం. క్యాథలిక్ చర్చి లెక్క ప్రకారం మఠం గోడల మధ్యే ఉండి ప్రార్థనలో గడిపేవాళ్లు నన్స్. స్కూళ్లు, ఆస్పత్రులు, ఊళ్లలో పనిచేసేవాళ్లు సిస్టర్లు. మన ఊళ్లలో కాన్వెంట్ స్కూళ్లు నడిపేది సిస్టర్లే. ఈ కథలో ఉన్నదీ వాళ్లే.

2005లో ఈ సిస్టర్లు ఒక తీర్మానం రాసుకున్నారు. దానికి 'ల్యాండ్ ఎథిక్' అని పేరు. సింపుల్‌గా చెప్పాలంటే నేల విషయంలో పాటించాల్సిన నియమం అన్నమాట. సారాంశం ఇదీ.. భూమి దేవుడిచ్చిన కానుక. అది మనుషులకే కాదు, ప్రాణమున్న ప్రతిదానికీ ఆశ్రయం. మన చేతిలో ఉన్న నేలను లాభం కోసం పాడుచేయకూడదు, వచ్చే తరాల కోసం కాపాడాలి.

పోప్ ఫ్రాన్సిస్ పర్యావరణంపై రాసిన 'లౌదాతో సి' లేఖ ప్రపంచమంతా చర్చకు వచ్చింది 2015లో. అంటే అంతకు పదేళ్ల ముందే ఈ సిస్టర్లు తమ నేల గురించి ఒక మాట మీద నిలబడ్డారు. ఆ మాటకు పరీక్ష మాత్రం తర్వాత వచ్చింది.

ఆ పైప్‌లైన్ సంగతేంటి?

పెన్సిల్వేనియా ఈశాన్యాన భూమి లోతుల్లో మార్సెల్లస్ షేల్ అనే రాతిపొర ఉంది. దాన్ని పగలగొట్టి గ్యాస్ తీస్తారు. ఆ గ్యాస్‌ను దక్షిణాది రాష్ట్రాలకు తరలించేందుకు విలియమ్స్ కంపెనీకి చెందిన ట్రాన్స్‌కో సంస్థ 'అట్లాంటిక్ సన్‌రైజ్' ప్రాజెక్టు చేపట్టింది. ఖర్చు దాదాపు 300 కోట్ల డాలర్లు. కొత్తగా వేసే పైపుల పొడవు దాదాపు 200 మైళ్లు, అంటే 320 కిలోమీటర్లు. సామర్థ్యం రోజుకు 170 కోట్ల ఘనపుటడుగుల గ్యాస్. ల్యాంకాస్టర్ కౌంటీలో వేసే పైపు వ్యాసమే 42 అంగుళాలు.. మీటరుకు పైనే.

దారిలో ఉన్న భూముల వాళ్లకు కంపెనీ పరిహారం ఇస్తామంది. చాలామంది ఒప్పుకున్నారు. సిస్టర్లు మాత్రం సంతకం చేయలేదు. డబ్బు ఎక్కువ కావాలని కాదు, అసలు పైపే వద్దని.

వాళ్ల అభ్యంతరం ఆ ఒక్క చేను గురించే కాదు. సహజ వాయువులో ప్రధానంగా ఉండేది మీథేన్. అది గాల్లోకి లీకైతే, 20 ఏళ్ల లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. బొగ్గు కంటే గ్యాస్ శుభ్రమైన ఇంధనమని కంపెనీలు చెబుతాయి. మండించినప్పుడు వచ్చే పొగ వరకు చూస్తే అది నిజమే. లీకులు కూడా కలిపితే లెక్క మారుతుంది. భూతాపం పెంచే పనికి మా నేలను ఎందుకిస్తాం అన్నది సిస్టర్ల ప్రశ్న.

యజమాని వద్దంటే ఆగదా?

ఆగదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లే గ్యాస్ పైప్‌లైన్లకు 1938 నాటి న్యాచురల్ గ్యాస్ యాక్ట్ వర్తిస్తుంది. ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్.. షార్ట్‌గా ఫెర్క్.. ఒకసారి సర్టిఫికెట్ ఇచ్చిందంటే, ప్రైవేట్ కంపెనీకి కూడా ప్రభుత్వానికి ఉన్నట్టే బలవంతపు భూసేకరణ అధికారం వచ్చేస్తుంది. 1947లో చేసిన సవరణతో ఈ అధికారం ఇచ్చారు. యజమాని ఒప్పుకోకపోతే కంపెనీ కోర్టుకు వెళ్లి, పరిహారం కట్టి, పైపు వేసుకునే హక్కు తెచ్చుకోవచ్చు.

అట్లాంటిక్ సన్‌రైజ్‌కు ఫెర్క్ సర్టిఫికెట్ 2017 ఫిబ్రవరిలో వచ్చింది. సిస్టర్ల చేలో చాపెల్ వెలిసింది జులైలో. మధ్యలో ఐదు నెలలు. ఈ ఐదు నెలల గ్యాప్ గుర్తుపెట్టుకోండి, కేసుకు ఇదే కీలకం.

చేను కూడా గుడే అన్నారు

చాపెల్ ప్రారంభమైన కొద్ది రోజులకే, జులైలోనే, సిస్టర్లు ఫెడరల్ కోర్టులో కేసు వేశారు. వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం 1993లో వచ్చిన 'మత స్వేచ్ఛ పునరుద్ధరణ చట్టం'. ఒక వ్యక్తి తన మత విశ్వాసాన్ని పాటించడానికి ప్రభుత్వం పెద్ద అడ్డంకి పెట్టకూడదు. తప్పనిసరి అవసరం ఉంటే, అదీ అతి తక్కువ ఇబ్బంది కలిగే దారిలోనే పెట్టాలి. ఈ చట్టం చెప్పేది ఇదే.

సిస్టర్ల వాదన చాలా సూటిగా ఉంది. "భూమిని కాపాడటం మా విశ్వాసంలో భాగం. విశ్వాసానికి విరుద్ధమైన పనికి మా సొంత నేలనే వాడుకోమని ప్రభుత్వం అనుమతిస్తే, అది మా మత స్వేచ్ఛకు అడ్డే కదా?"

గుడి కూలగొడితే మత స్వేచ్ఛకు భంగం అని ఎవరైనా ఒప్పుకుంటారు. మరి పంట చేను కూడా పవిత్రమే అంటే? పర్యావరణం కేసుల్లో సాధారణంగా నీళ్లు, గాలి, పరిహారం చుట్టూ వాదన నడుస్తుంది. ఇక్కడ నేల పవిత్రతే వాదన. అందుకే దేశమంతా ఈ కేసు వైపు చూసింది.

కోర్టులో ఏమైంది?

2017 ఆగస్టులో ఆ స్థలాన్ని వాడుకునేందుకు కంపెనీకి కోర్టు అనుమతి ఇచ్చింది. సెప్టెంబర్‌లో సిస్టర్ల కేసును కొట్టేసింది. అక్టోబర్‌లో పనులు మొదలుపెట్టేందుకు మెషీన్లు వచ్చాయి. అడ్డుగా నిలబడ్డ 23 మంది నిరసనకారులను పోలీసులు అరెస్ట్ చేశారు.

సిస్టర్లు అప్పీల్‌కు వెళ్లారు. 2018 జులైలో థర్డ్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు కూడా కాదంది. అదే ఏడాది అక్టోబర్‌లో పైప్‌లైన్‌లో గ్యాస్ పారడం మొదలైంది. 2019 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు అసలు ఈ కేసు వినడానికే ఒప్పుకోలేదు.

సిస్టర్లు అక్కడితో ఆగలేదు. పైపు ఎలాగూ పడిపోయింది కాబట్టి, మా హక్కుకు జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించండి అంటూ 2020లో మరో కేసు వేశారు. అది కూడా కింది కోర్టులో వీగిపోయింది. 2022 నవంబర్‌లో అప్పీల్ కోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది.

అయితే ఇక్కడే అసలు ట్విస్ట్. ఇన్ని తీర్పుల్లో ఏ ఒక్కటీ 'మీ నేల పవిత్రం కాదు' అని చెప్పలేదు. 'మీ విశ్వాసం నిజమైంది కాదు' అని కూడా అనలేదు. అసలా ప్రశ్న దాకా కోర్టులు వెళ్లనే లేదు.

మరి ఎందుకు ఓడిపోయారు?

చట్టం ప్రకారం పైప్‌లైన్‌పై ఏ అభ్యంతరం ఉన్నా ముందు ఫెర్క్ దగ్గరే చెప్పాలి. విచారణలో పార్టీగా చేరాలి. సర్టిఫికెట్ ఇచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో పునర్విచారణ కోరుతూ అప్లికేషన్ పెట్టాలి. అక్కడ కూడా న్యాయం జరగకపోతే అప్పుడు అప్పీల్ కోర్టుకు వెళ్లాలి. దీనికి ఇదొక్కటే దారి.

సిస్టర్లు కంపెనీకి 'నో' చెప్పారు. కానీ తమ మత స్వేచ్ఛ అభ్యంతరాన్ని ఫెర్క్ ముందు పెట్టలేదు. నేరుగా జిల్లా స్థాయి ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. 'ఈ గుమ్మంలోకి రాకముందే మీరు ఇంకో గుమ్మం తొక్కాల్సింది, ఆ గడువు దాటిపోయింది' అన్నది కోర్టుల మాట. రెండో కేసులోనూ ఇదే పాయింట్. ముందు చెప్పాల్సిన చోట చెప్పకుండా, తర్వాత పరిహారం పేరుతో అదే వివాదాన్ని మళ్లీ తేవడం కుదరదన్నారు.

అంటే సిస్టర్ల విశ్వాసం మీద తీర్పు రాలేదు. వాళ్లు పెట్టని ఒక్క అప్లికేషన్ మీద వచ్చింది. ఆ రూల్‌లో తర్కం లేకపోలేదు. అనుమతులు వచ్చి, వందల కోట్లు ఖర్చయ్యాక ఎవరు పడితే వాళ్లు కోర్టుకొస్తే ఏ ప్రాజెక్టూ నడవదన్నది దాని వెనకున్న ఆలోచన. కానీ ఇటు చూస్తే, లాయర్ల దండు ఉన్న కంపెనీకీ, వృద్ధాశ్రమం పక్కన చేను కౌలుకిచ్చుకునే సిస్టర్లకూ ఆ 30 రోజులు ఒకేలా గడవవు కదా.

కెంటకీలో మాత్రం సీన్ రివర్స్

ఇదే కథ ఇంకోచోట వేరేగా ముగిసింది. కంపెనీ కూడా విలియమ్సే.

కెంటకీ రాష్ట్రంలో 'సిస్టర్స్ ఆఫ్ లొరెటో' అనే సంఘం ఉంది. 1812లో పుట్టింది. నెరింక్స్ అనే చోట 1824 నుంచి వీళ్ల ప్రధాన మఠం ఉంది. చుట్టూ వందల ఎకరాల పొలాలు, అడవి. 2013లో విలియమ్స్, బోర్డ్‌వాక్ కంపెనీలు 'బ్లూగ్రాస్ పైప్‌లైన్' ప్రతిపాదన తెచ్చాయి. సిస్టర్లు సర్వే చేయడానికే ఒప్పుకోలేదు. కంపెనీ పెట్టిన అవగాహన సభకు వెళ్లి, అక్కడే నిలబడి భక్తి పాటలు పాడారు. ఆ వీడియో బాగా తిరిగింది.

చుట్టుపక్కల రైతులు, ఊళ్లవాళ్లు కూడా కలిశారు. భూసేకరణను వ్యతిరేకించే ఓ పౌర సంఘం కోర్టుకు వెళ్లింది. 2014 మార్చిలో కోర్టు తీర్పు ఇచ్చింది. ఈ పైప్‌లైన్ కెంటకీ ప్రజలకు సేవ చేసేది కాదు, కాబట్టి బలవంతంగా భూమి తీసుకునే అధికారం కంపెనీకి లేదు అని. మరుసటి నెలే కంపెనీలు ప్రాజెక్టును ఆపేశాయి. 2015లో అప్పీల్ కోర్టు కూడా ఆ తీర్పునే సమర్థించింది.

రెండు చోట్లా సిస్టర్లే. రెండు చోట్లా ధైర్యానికి కొదవ లేదు. మరి తేడా ఎక్కడొచ్చింది? బ్లూగ్రాస్‌లో వెళ్లాల్సింది మామూలు గ్యాస్ కాదు, ప్రొపేన్, ఈథేన్ లాంటి ద్రవరూప ఇంధనాలు. వాటికి న్యాచురల్ గ్యాస్ యాక్ట్ ఇచ్చే భూసేకరణ అధికారం వర్తించదు. రాష్ట్ర చట్టమే దిక్కు. ఆ చట్టంలో యజమాని 'వద్దు' అనే మాటకు విలువ మిగిలింది. పైగా అక్కడ సర్వే దశలోనే అడ్డుకున్నారు. పెన్సిల్వేనియాలో కోర్టుకు వెళ్లేసరికే సర్టిఫికెట్ వచ్చేసింది.

మన దగ్గర నోటీసు వస్తే?

ఈ కథ మనకు దూరం అనుకోవద్దు. కోనసీమలో కొబ్బరి తోటల కింద, వరి చేల కింద గ్యాస్ పైపులు ఉన్నాయి. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయిన రోజును ఆ ప్రాంతం ఎప్పటికీ మర్చిపోదు.

మన దేశంలో పెట్రోలియం, గ్యాస్ పైప్‌లైన్ల కోసం 1962లో ఒక ప్రత్యేక చట్టం చేశారు. దీని ప్రకారం భూమి రైతు పేరు మీదే ఉంటుంది. కానీ భూమి కింద పైపు వేసుకుని వాడుకునే హక్కు ప్రభుత్వానికో, కంపెనీకో వెళ్తుంది. ఆ స్ట్రిప్‌లో పంట వేసుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్లు నాటకూడదు. వాడుక హక్కుకు పరిహారం భూమి మార్కెట్ విలువలో 10 శాతం. పంట, చెట్లకు జరిగిన నష్టం దీనికి అదనం.

ముఖ్యమైన పాయింట్ ఏంటంటే.. గెజిట్ నోటిఫికేషన్ కాపీలు అందుబాటులోకి వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. అదీ ఆ ప్రాజెక్టుకు నియమించిన కాంపిటెంట్ అథారిటీకే ఇవ్వాలి. ఆయన విచారణ జరపాలి, రైతు కోరితే స్వయంగా గానీ లాయర్ ద్వారా గానీ మాట వినాలి. ఊళ్లో గొడవ చేసినా, మెషీన్‌కు అడ్డంగా పడుకున్నా ఆ కాగితానికి అవి సాటి రావు. కొలంబియా సిస్టర్ల కేసు నేర్పేది కూడా ఇదే.

పోరాటాలే కాదు, పనులు కూడా

పర్యావరణం విషయంలో సిస్టర్లు చేస్తున్నది కోర్టు కేసులే అనుకుంటే పొరపాటు. చాలా సంఘాలు తమ చేతిలో ఉన్న భూమి, భవనాలు, డబ్బు.. ఈ మూడింటినీ వేరేగా వాడటం మొదలుపెట్టాయి.

భూమి: 2005లో కత్రినా తుపానుకు న్యూ ఆర్లీన్స్ నగరం మునిగిపోయింది. అక్కడి సెయింట్ జోసెఫ్ సిస్టర్ల కాన్వెంట్ కూడా నీళ్లలో మునిగింది. మరుసటి ఏడాది పిడుగు పడి ఆ భవనం కాలిపోయింది. మిగిలింది నగరం మధ్యలో 25 ఎకరాల ఖాళీ స్థలం. రియల్ ఎస్టేట్‌కు అమ్మితే మంచి రేటు పలికేది. సిస్టర్లు దాన్ని ఏడాదికి ఒక్క డాలర్ లీజుకు నగరానికి ఇచ్చారు. షరతు ఒక్కటే.. వాన నీటిని నిల్వచేసి భూమిలోకి ఇంకించే తోటగా మార్చాలి, చుట్టుపక్కల కాలనీలు మళ్లీ మునగకుండా చూడాలి. మిరాబో వాటర్ గార్డెన్ ప్రాజెక్ట్ అలా పుట్టింది.

భవనం: మిచిగన్ రాష్ట్రంలోని మన్రోలో ఐహెచ్ఎం సిస్టర్ల ప్రధాన మఠం 1930ల నాటి పెద్ద కట్టడం. దాన్ని కూల్చి కొత్తది కట్టలేదు. 2000ల మొదట్లో పాతదాన్నే బాగుచేశారు. భూమి లోపలి ఉష్ణోగ్రతతో గదులను వేడిగా, చల్లగా ఉంచే ఏర్పాటు చేశారు. సింకులు, స్నానాల నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడుతున్నారు.

డబ్బు: సిస్టర్లకు జీతాలుండవు, సొంత ఆస్తులుండవు. కానీ వృద్ధాప్యం కోసం సంఘం పేరు మీద పొదుపు ఉంటుంది. 2020లో 16 డొమినికన్ సిస్టర్ల సంఘాలు 4.6 కోట్ల డాలర్లు కలిపి, వాతావరణ సమస్యకు పరిష్కారం చూపే ప్రాజెక్టుల కోసం మోర్గాన్ స్టాన్లీతో కలిసి ప్రత్యేక ఫండ్లు మొదలుపెట్టాయి.

ప్రాణం పెట్టినవాళ్లూ ఉన్నారు

కొలంబియా సిస్టర్లు తమ తీర్మానం రాసుకున్న 2005లోనే, ఫిబ్రవరి 12న, బ్రెజిల్ అమెజాన్ అడవిలో సిస్టర్ డొరొతీ స్టాంగ్‌ను కాల్చి చంపారు. ఆమె వయసు 73. పుట్టింది అమెరికాలోని ఒహాయోలో. 1966లో బ్రెజిల్ వెళ్లి అక్కడే ఉండిపోయారు. పారా రాష్ట్రంలోని అనాపు ప్రాంతంలో, అడవి నరక్కుండానే బతికేలా చిన్న రైతులకు భూమి దక్కాలని పనిచేశారు. పశువుల మేత కోసం అడవి నరికే భూస్వాములకు అది నచ్చలేదు. కాల్చినవాళ్లతో పాటు, చంపించిన ఇద్దరు భూస్వాములకు కూడా తర్వాత కోర్టులో శిక్ష పడింది.

కాబట్టి 'భూమిని కాపాడటం మా విశ్వాసం' అని సిస్టర్లు కోర్టులో చెప్పినప్పుడు, అది కేసు కోసం అల్లుకున్న మాట కాదు. ఆ మాట మీద వేరే దేశంలో వేరే సిస్టర్ అప్పటికే ప్రాణం ఇచ్చారు.

ఇప్పుడేంటి?

2021లో వాటికన్ 'లౌదాతో సి యాక్షన్ ప్లాట్‌ఫామ్' మొదలుపెట్టింది. కుటుంబాలు, స్కూళ్లు, ఆస్పత్రులు, మఠ సంఘాలు.. ఇలా ఏడు రంగాల వాళ్లు ఏడేళ్లలో తమ అలవాట్లు మార్చుకునేలా ప్లాన్ రాసుకోవాలి. సిస్టర్లు అంతకు చాలా ముందు నుంచే ఈ పనిలో ఉన్నారు.

ఇక కొలంబియా చేను సంగతి. దాని కింద ఇప్పుడు గ్యాస్ వెళ్తోంది. కేసులన్నీ ముగిశాయి. కాగితం మీద చూస్తే కంపెనీ గెలిచింది. కానీ ఆ సిస్టర్లు అడిగిన ప్రశ్న.. ఒక నేలను పవిత్రంగా చూసుకునే హక్కు దాని మీద బతికేవాళ్లకు ఉందా లేదా.. దానికి మాత్రం ఈ కేసులో ఏ కోర్టూ జవాబు చెప్పలేదు. ఈసారి ఎవరైనా గడువులోగా, సరైన గుమ్మం దగ్గర అదే ప్రశ్న అడిగితే, జవాబు చెప్పక తప్పదు.